బండి జ్ఞాపకాలు ఎవరి సొత్తు?

పోయినేడు మా కారు అమ్మేశాను. కాగితాలు మార్పించి, రెండు తాళాలూ కొన్నాయన చేతిలో పెట్టి ఇంటికి వచ్చాను. పది రోజుల తరువాత ఫోనులో మరేదో వెతుకుతూ ఆ కారు తాలూకు యాప్ తెరిచాను. పటం మీద కారు కనబడింది. ఏ వీధిలో నిలిచి ఉందో, ట్యాంకులో పెట్రోలు ఎంత మిగిలిందో, ముందురాత్రి ఎన్నింటికి ఇల్లు చేరిందో అంతా ఉంది. పరాయివాళ్ళ కిటికీలోంచి తొంగి చూసినట్లయి చప్పున మూసేశాను. కొన్నాయనకు ఫోను చేసి సంగతి చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తరువాత, "మీరు గనక చెప్పారండీ. చెప్పకుండా చూసేవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారంటారా?" అని అడిగారు.

ఆ ప్రశ్న పట్టుకుని వెనక్కి వెళితే ముప్ఫయ్యేళ్ళ చరిత్ర తగిలింది. అందులో చాలాభాగం అమెరికాలో నడిచింది. మన దాకా వచ్చింది చివరి అధ్యాయమే.

మొదట వచ్చింది ఎయిర్‌బ్యాగు వెనక ఉండే చిన్న పెట్టె. గుద్దుకున్నప్పుడు బ్యాగు సరిగా విచ్చుకున్నదో లేదో ఇంజనీర్లకు తెలియాలి. అందుకని 1990లలో జనరల్ మోటార్స్ వంటి కంపెనీలు ప్రమాదపు క్షణాల వివరాలను ఆ పెట్టెలో నమోదు చేయసాగాయి. వేగమెంత, బ్రేకు నొక్కారా, సీటుబెల్టు పెట్టుకున్నారా అన్నవి కొద్ది సెకన్ల లెక్కలు మాత్రమే. 2000లో ఆ పెట్టెను చదివే పరికరం బజారులోకి రావడంతో పోలీసులకూ, వకీళ్ళకూ, బీమావాళ్ళకూ అది సాక్షి అయింది. యజమాని అనుమతి లేకుండా దాన్ని చదవకూడదని, కోర్టు ఉత్తర్వు వంటి కొన్ని మినహాయింపులతో, 2003లో కాలిఫోర్నియా చట్టం చేసింది. ఆ పెట్టెలోని సమాచారం బండి యజమానిదేనని అమెరికా దేశమంతటికీ చెప్పడానికి 2015 దాకా పట్టింది. అయితే ఈ పెట్టెకు నోరు లేదు. దాని రహస్యం కారు దాటి పోదు.

కారుకు నోరు వచ్చింది 1996లో. జనరల్ మోటార్స్ ఆ ఏడు ఆన్‌స్టార్ అనే సేవను ప్రకటించి, ముందుగా క్యాడిలాక్ కార్లలో పెట్టింది. ఉపగ్రహాల సాయంతో కారు తానెక్కడుందో తెలుసుకుంటుంది. సెల్‌ఫోను ద్వారా ఆ కబురు చేరవేస్తుంది. ఎయిర్‌బ్యాగు విచ్చుకుంటే మనం అడక్కుండానే సహాయకేంద్రానికి ఫోను వెళుతుంది. స్పృహ తప్పిన మనిషికి ఇంతకంటె కావలసినదేముంది? ఈ మేలును తక్కువ చేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు.

కానీ గోడకు చెవులుంటాయన్న సామెత కారు తలుపుకు కూడా వర్తించింది. కారులోని మైకు ద్వారా లోపలి మాటలు వినడానికి ఎఫ్.బి.ఐ. నెవాడాలో కోర్టు ఉత్తర్వులు తెచ్చుకుంది. సేవ నడిపే కంపెనీ అప్పీలుకు వెళ్ళింది. 2003లో తొమ్మిదవ సర్క్యూట్ న్యాయస్థానం ఆ ఉత్తర్వులు చెల్లవన్నది. చదువుతూ నేను సంతోషించబోయి, కారణం చూసి ఆగిపోయాను. ఒకరి మాటలు దొంగచాటుగా వింటున్నారన్నది కాదు కారణం. వింటున్నంతసేపూ ఆ కారులో అత్యవసర సేవ పనిచేయదు గనక! సేవకు అడ్డురాకుండా వినగలిగితే ఏమనేవారో మనం ఊహించుకోవలసిందే.

ఇంచుమించు అదే కాలంలో కనెక్టికట్‌లో ఒకాయన కారు అద్దెకు తీసుకున్నాడు. అద్దె కంపెనీ కారులో జీపీఎస్ అమర్చి ఉంది. మూడుసార్లు వేగం మించినందుకు, సారికి 150 డాలర్ల చొప్పున, అతని ఖాతాలోంచి 450 డాలర్లు లాగేశారు. పోలీసు ఆపలేదు, కోర్టు అడగలేదు. ఒప్పందంలో ఒక వాక్యం ఉంది, అంతే. ఆ జరిమానా చెల్లదని 2005లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది.

సాక్షి అయిన సమాచారం ఆ పైన సరుకైంది. సేవ మానుకున్నవాళ్ళ కార్లనుంచి కూడా సమాచారం తీసుకుంటూనే ఉంటామని 2011 సెప్టెంబరులో ఆన్‌స్టార్ ప్రకటించింది. సెనేటర్లు మండిపడితే ఆ నెలలోనే వెనక్కి తగ్గింది. అప్పటికి తగ్గింది.

2024 మార్చిలో న్యూయార్క్ టైమ్స్ పత్రిక సియాటిల్ ప్రాంతంలో కారు నడిపే ఒకాయన కథ రాసింది. ఎన్నడూ ప్రమాదం చేయని మనిషికి బీమా 21 శాతం పెరిగింది. కారణం వెతికితే లెక్సిస్‌నెక్సిస్ అనే సమాచార వ్యాపార సంస్థ దగ్గర ఆయన పేర 258 పుటల నివేదిక దొరికింది. ఆరు నెలల్లో ఆయనా, ఆయన భార్యా చేసిన 640 ప్రయాణాలు, ఎప్పుడు బయల్దేరారో, ఎప్పుడు ఆగారో, ఎక్కడ గట్టిగా బ్రేకు వేశారన్నది తప్ప ఎన్నిసార్లు వేశారో, అన్నీ అందులో ఉన్నాయి. ఇచ్చింది ఆయన కారే. కొన్ని కార్లనుంచి మూడు సెకన్లకొకసారి ఆచూకీ సేకరించారని 2025 జనవరిలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. అటువంటి నివేదికలు తయారుచేసే సంస్థలకు అయిదేళ్ళపాటు సమాచారం ఇవ్వరాదన్న ఒడంబడిక 2026 జనవరిలో ఖరారయింది.

అమ్ముకోకపోయినా కారిపోవడం ఉండనే ఉంది. జపానులో సుమారు 21.5 లక్షలమంది టయోటా వినియోగదారుల వాహన సమాచారం దాదాపు పదేళ్ళు తలుపు తీసిన గదిలో పడి ఉందని 2023లో బయటపడింది. ఇంటి గుట్టు లంకకు చేటన్నారు. ఇక్కడ గుట్టు బయటపెట్టడానికి విభీషణుడి అవసరం కూడా లేకపోయింది.

మన దేశంలో 2019లో "ఇంటర్నెట్ కారు" అన్న మాట ప్రకటనలకెక్కింది. పెనుకొండ దగ్గర తయారైన కియా సెల్టోస్ ఆ ఏడాదే ఫోనుతో మాట్లాడే కారుగా రోడ్డెక్కింది. బండ్ల రిజిస్ట్రేషను వివరాలను ఏడాదికి 3 కోట్ల రూపాయలకు వ్యాపారసంస్థలకిచ్చే విధానాన్ని కేంద్ర రవాణా శాఖ తెచ్చిందీ అదే ఏడు. గోప్యత దృష్ట్యా 2020లో రద్దుచేసింది. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24ననే చెప్పింది. వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చింది, నియమాలు 2025 నవంబరులో. సమ్మతి లేనిదే తీసుకోరాదన్నది దాని మూలసూత్రం.

సమ్మతి! షోరూములో టైర్ల కింద నిమ్మకాయలు పెట్టే హడావుడిలో, పిల్లలు వెనక సీట్లో ఎక్కి గంతులేస్తుండగా, అమ్మకందారు కుర్రాడు చూపినచోటల్లా నేను నొక్కిన "సరే" కూడా సమ్మతే. ఈ ముప్ఫయ్యేళ్ళ కథలో నాకు కనబడిన ముడి ఇదే. ప్రతిసారీ మనిషి ఒప్పుకున్నది రక్షణకు, వాడుకున్నది మరొకదానికి. తాళం మన చేతికిచ్చారు, చిట్టా వాళ్ళ దగ్గర ఉంచుకున్నారు.

ఆ ఆదివారం కొన్నాయన ఇంటికి వెళ్ళాను. ఇద్దరం కారులో కూర్చుని నా పేరూ, ఫోను నంబర్లూ, "ఇల్లు" అని గుర్తుపెట్టిన మా చిరునామా, అన్నీ చెరిపేశాం. మీలో ఎవరైనా బండి అమ్మబోతుంటే తాళాలిచ్చే ముందే ఈ పని చేయండి. నా పాత ప్రయాణాల చిట్టా తీసేయమని కంపెనీకి కూడా రాశాను. అభ్యర్థన నమోదైందని జవాబొచ్చింది. ఆ జవాబు వచ్చి అయిదు నెలలయింది.