కేబుల్ టీవీ నియంత్రణ (ఆదోని, ఎమ్మిగనూరు)

కర్నూలు జిల్లా పశ్చిమాన ఉన్న ఈ రెండు పట్టణాల్లో బొమ్మ రాకపోతే జనం ముందు నిలదీసేది కేబుల్ ఆపరేటర్‌ను, ఆ తర్వాత మున్సిపాలిటీని. ఆదోనిది 1865 నాటి పురపాలక సంఘం. అంత పాతదైనా చందా ధర మీద దానికి అధికారం లేదు. ప్రసారాలు రాజ్యాంగం ప్రకారం కేంద్రం చేతిలోని అంశం.

1995 నాటి కేబుల్ టెలివిజన్ చట్టం కింద ఆపరేటర్ చాలా ఏళ్లు హెడ్ పోస్టాఫీసులో 500 రూపాయలు కట్టి నమోదు చేసుకునేవాడు. 2025 జనవరి నుంచి అది ఆన్‌లైన్‌లో, అయిదేళ్లకోసారి, 5,000 రూపాయల రుసుముతో సాగుతోంది. ధరల సంగతి 2004 నుంచి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్‌ది. 2019లో నెలకు 130 రూపాయలు, పన్ను అదనం, అని పెట్టిన నెట్‌వర్క్ రుసుము పరిమితిని 2024లో అదే ఎత్తేసింది. ఇది చందాదారుకు మేలు చేసే నిర్ణయం కాదు.

స్థానికంగా అసలు అధికారం రెవెన్యూ వారిది. కలెక్టరుతో పాటు ఆదోని డివిజన్ సబ్ డివిజనల్ మేజిస్ట్రేటుకు కూడా, చట్టాన్ని ఉల్లంఘించిన ఆపరేటర్ పరికరాలు స్వాధీనం చేసుకునే హక్కుంది. ఎమ్మిగనూరు కూడా ఈ డివిజన్‌లోదే.

వీధిలో కనిపించేది వేరు: కరెంటు స్తంభానికి చుట్టలుగా వేలాడే నల్ల వైర్లు, అక్కడి నుంచి మిద్దె మీదుగా ఇంట్లోని సెట్‌టాప్ బాక్సుకు దిగే ఒక్క తీగ. ఆ స్తంభం విద్యుత్ పంపిణీ సంస్థది. దాన్ని వాడుకోవాలంటే సంస్థ అనుమతి కావాలి.

చందా కట్టిన ప్రతిసారీ రసీదు అడిగి తీసుకోండి. ఫిర్యాదుకు అదే ఆధారం.