మూసీ వరదా, క్లోరిన్ గోలీలూ

2020 అక్టోబరు 13 నాటి వానను దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ప్రాంతాలవారు అంత సులభంగా మరువలేరు. ఆ ఒక్కరోజులో నగరానికి తూర్పున ఘట్‌కేసర్‌లో 32 సెంటీమీటర్ల వర్షం నమోదయింది. సరూర్‌నగర్ చెరువు నిండి పొర్లింది. దాని దిగువనున్న కోదండరామ్ నగర్ వంటి పల్లపు కాలనీలలో నీరు రోజుల తరబడి నిలిచింది. మేముండే అపార్టుమెంటు కాస్త మెరకలోనే ఉన్నదన్న ధీమా మాకుండేది. కానీ మా సంపు ఉన్నది సెల్లారులో. తెల్లవారి కుళాయి తిప్పితే తేనీటి రంగులో నీళ్లు వచ్చాయి.

మూడవనాడు ఎవరో కుర్రవాళ్లు వచ్చి ఇంటికొక క్లోరిన్ బిళ్లల పట్టీ ఇచ్చి వెళ్లారు. వాచ్‌మన్ కుటుంబానికి కూడా ఒకటి అడిగి తీసుకుని, దారిలో కనిపించిన అతని తల్లి చేతిలో పెట్టి, ఏదో ఘనకార్యం చేసినట్లు పైకి వచ్చేశాను. సాయంత్రం ఆవిడ మా గుమ్మం ముందు నిలబడి అడిగింది: "సారూ, ఈ గోలీలు బువ్వ తిన్నంక ఏసుకోవాల్నా, తినకముందేనా? పోరనికి జరమున్నది, సగం ఇయ్యమంటవా?"

గుండె ఝల్లుమంది. ఆవిడ అరచేతిలో అప్పటికే పట్టీ నుంచి తీసిన బిళ్ల ఉన్నది. దోషం ఆవిడది కాదు. మన భాషలో గోలీ అన్నా, మాత్ర అన్నా, బిళ్ల అన్నా మింగేదే. పట్టీమీద ఉన్నదంతా ఆంగ్లం. చెప్పవలసినవాణ్ణి నేను, చెప్పలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టక ఈ బిళ్ల పుట్టుపూర్వోత్తరాలు వెతుకుతూ కూర్చున్నాను. మొదట దొరికినది రెండు తేదీల చిత్రమైన పొరుగుదనం.

1908 సెప్టెంబరు 26న అమెరికాలోని జెర్సీ సిటీకి నీరందించే బూంటన్ జలాశయం దగ్గర జాన్ లీల్ అనే వైద్యుడు తాగునీటిలో క్లోరిన్ కలపడం ప్రారంభించాడు. ఒక నగరానికి సరఫరా అయ్యే నీటిని నిరంతరాయంగా క్లోరిన్‌తో శుద్ధి చేయడం ఆ దేశంలో అదే మొదలు. నీటి కంపెనీకీ నగరానికీ మధ్య అప్పటికే కోర్టులో వ్యాజ్యం నడుస్తున్నది. ఎవరి అనుమతీ అడగకుండానే లీల్ ఈ పని చేశాడు. ప్రజలు తాగే నీటిలో విషం కలిపాడన్నంత గొడవ జరిగింది, చివరకు తీర్పు అతని పద్ధతికే అనుకూలంగా వచ్చింది.

సరిగ్గా రెండురోజుల తరువాత, సెప్టెంబరు 28న, మన మూసీ పొంగింది. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ కాలం. పదిహేను వేల మంది ప్రాణాలు పోయాయని చెబుతారు. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టెక్కి నూటయాభై మంది బ్రతికారన్న కథ మీరందరూ వినే ఉంటారు. ఆ చెట్టు నేటికీ ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్నది. చెట్టు దిగినవాళ్లు ఏ నీళ్లు తాగారన్నది మాత్రం ఏ కథలోనూ రాదు. బావులు బురదతో నిండి, పొయ్యిలోకి పొడి కట్టె దొరకని ఆ వారంలో కాచుకుని తాగమనడం ఎంత తేలికో, కాచడం అంత కష్టం.

ఆ వరద తరువాత విశ్వేశ్వరయ్యగారు రావడం, ఆయన సూచనలమేరకు 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తికావడం తెలిసిన చరిత్రే. వరదకు కళ్లెం వేయడానికి కట్టినవే తాగునీటి చెరువులయ్యాయి.

ఇక బిళ్ల విషయం. మొదటి ప్రపంచయుద్ధంలో గాయాలను శుభ్రపరచే ద్రావణానికి పేరుబడ్డ హెన్రీ డేకిన్, ఎడ్వర్డ్ డన్‌హామ్‌తో కలిసి 1917లో హాలజోన్ అనే క్లోరిన్ పదార్థాన్ని ప్రకటించాడు. జేబులో పట్టే సీసాలో శుద్ధజలం! రెండవ యుద్ధంలో అమెరికా సిపాయిల సామగ్రిలో ఇది ఉండేది. అయితే సీసా మూత తీశాక గాలికీ తేమకూ దీని శక్తి తగ్గిపోయేది. నేడు వరదప్రాంతాలలో ఎక్కువగా వాడే సోడియం డైక్లోరోఐసోసయనురేట్ బిళ్లలు దీనికంటే చాలా నిలకడైనవి, పైగా ఒక్కొక్కటీ విడిగా రేకులో భద్రంగా ఉంటుంది.

నీటిలో కరిగిన బిళ్ల హైపోక్లోరస్ ఆమ్లాన్ని విడుదల చేసి, కలరా, టైఫాయిడ్ వంటి వ్యాధుల సూక్ష్మక్రిములను చంపుతుంది. అరగంట ఆగాలి. నీరు బురదగా ఉంటే క్లోరిన్ ఆ బురదతోనే ఖర్చయిపోతుంది, క్రిములకు మిగలదు. ఇక్కడ నాకు మా అమ్మమ్మ చిల్లగింజ గుర్తుకొచ్చింది. గింజను రాతిమీద అరగదీసి బిందెలో కలిపితే తెల్లవారేసరికి మడ్డి అడుగుకు చేరేది. సుశ్రుతుడు కతకమని చెప్పినది దీనినే. చిల్లగింజ తేటపరుస్తుంది కానీ క్రిములన్నిటినీ చంపదు, క్లోరిన్ చంపుతుంది కానీ తేటపరచదు. మనవాళ్లకన్నీ ముందే తెలుసుననేవారితోనూ, ఏమీ తెలియదనేవారితోనూ నాకు పేచీయే. వడగట్టి, పటికతోనో చిల్లగింజతోనో తేర్చి, తేటనీటిని మరో పాత్రలోకి వంచుకుని అప్పుడు బిళ్ల వేయాలి.

దీనికి లొంగనివీ ఉన్నాయి. క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి గట్టి కవచంతో తప్పించుకుంటుంది. సెల్లారులోని బండ్లనుంచి కారిన పెట్రోలునూ, కార్ఖానాల రసాయనాలనూ ఏ క్లోరినూ తీసివేయదు. అటువంటి వాసన ఉన్న నీటిని పారబోయవలసిందే.

ఇప్పుడు మా ఇంట్లో అత్యవసరాల సంచీలో టార్చి, మందులు, కాగితాల నకళ్లతోపాటు ఒక పట్టీ ఉంటుంది. ఏటా వానాకాలానికి ముందు గడువుతేదీ చూస్తాను. కొనేటప్పుడు ఎన్ని లీటర్లకు ఒక బిళ్లో చదవాలి. లీటరుకొకటి, ఇరవై లీటర్లకొకటి, రెండూ చూడటానికి ఒకలాగే ఉంటాయి.

మరునాడు ఉదయమే సెల్లారు మెట్లు దిగి వాచ్‌మన్ తల్లికి క్షమాపణ చెప్పుకున్నాను. ఆవిడకు అదేమీ పట్టలేదు, బిందె తెచ్చి ముందు పెట్టింది. వచ్చినవి ఇరవై లీటర్లకు ఒకటి చొప్పున వేయవలసిన బిళ్లలు. లీటరు సీసాతో కొలిస్తే బిందెలో పట్టినవి పద్నాలుగు లీటర్లే. ఆవిడే లోపలికి వెళ్లి మూతవున్న పెద్ద పెయింటు డబ్బా తెచ్చింది, రంగు వాసన చూసి నేను వద్దన్నాను. చివరికి మా ఇంట్లోని కొత్త ప్లాస్టిక్ డ్రమ్ము కిందకు చేరింది. దానిలో ఇరవై సీసాలు పోసి, నీటిమట్టం దగ్గర మేకుతో గీత గీశాము. పట్టీని ఆవిడ దేవుడి పటం వెనుక, మనవడికి అందనంత ఎత్తున పెట్టింది.