కల్యాణపురమనిపించుకొన్న యానాము

గౌతమీ గోదావరి సముద్రమును చేరుటకు కొంచెము ముందుగా, దానినుండి కోరంగిపాయ చీలుచోట యానామను చిన్న పట్టణమున్నది. చుట్టునున్న నేల ఆంధ్రప్రదేశమునకు చెందినది. పట్టణము మాత్రము ఎనిమిదివందల కిలోమీటర్లకు పైబడిన దూరమునందున్న పుదుచ్చేరి పాలనకు లోబడినది. ఇచ్చటి భాష తెలుగు, ఇచ్చటి ఆచారములు మనవి. అయినను పాలన వేఱైయుండుటకు కారణము పరాసులని మన పెద్దలు పిలిచిన ఫ్రెంచివారు.

ఫ్రెంచి వర్తకసంఘమువారు 1723లో ఇచ్చట నొక వర్తకశాలను స్థాపించిరి. లాభము కానరానందున నాలుగేండ్లకే దానిని మూసివేసి, 1731లో మరల తెరచిరి. ఈ ప్రాంతపు నేతగాండ్రు నేసిన బట్టలను కొని ఓడలపై ఐరోపాకు పంపుట వారి ముఖ్యవ్యాపారము. ఇంగ్లీషువారికిని ఫ్రెంచివారికిని యుద్ధము వచ్చినప్పుడు ఇంగ్లీషువారు యానామును పట్టుకొనుటయు, సంధి కుదిరిన పిమ్మట తిరిగి యిచ్చుటయు పలుమారులు జరిగినది. తుదకు 1817లో ఇది స్థిరముగా ఫ్రెంచివారి వశమయ్యెను. 1839 నాటి తుఫాను, ఉప్పెన కోరంగిని ధ్వంసము చేసినప్పుడు యానాము కూడ దెబ్బతినెను. వర్తకము క్షీణించినను ఫ్రెంచి జెండా మాత్రము 1954 వఱకును ఎగురుచునే యుండెను.

నేడు ఈ యూరు చూడబోవువారిని మొదట ఆకర్షించునది ఏటిగట్టు. అచ్చట భారతమాత విగ్రహము, ఏనుగులు శివలింగమునకు అభిషేకము చేయుచున్నట్లు నిర్మించిన శిల్పము, పారిసులోని ఐఫెల్ గోపురమును తలపించు ఇనుపగోపురము కలవు. ఇవి యన్నియు ఇటీవలివి. పాతకాలపు చిహ్నములు కోరువారు సెయింట్ ఆన్ పేరిట కట్టిన కతోలిక దేవాలయమును, ఫ్రెంచివారి సమాధులను, పరిపాలనాధికారి భవనమును చూతురు. భక్తులు వేంకటేశ్వరస్వామిని సేవింతురు. స్వామికి మీసములుండుటచే మీసాల వేంకన్న యని జనులు పిలుతురు. తిరుపతి వేంకటకవులలో ఒకరగు చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు బాల్యమున ఈ యూర చదివినవారని తెలిసినప్పుడు సాహిత్యప్రియులకు మఱికొంత ఆదరము కలుగును.

ఇవి చూచి, ఫోటోలు తీసికొని, సాయంకాలమునకు ఇండ్లు చేరుదుము. కాని యానామునకు కల్యాణపురమను మఱియొక పేరు కలదు. ఆ పేరెట్లు వచ్చినదో పిల్లలడిగినచో చెప్పుటకు పెద్దలు కొంచెము తడబడుదురు. ఆ కథ చెప్పుటకే నేనీ వ్యాసము వ్రాయుచున్నాను.

హరబిలాస్ శారదాగారి ప్రయత్నమున 1929లో బాల్యవివాహ నిరోధచట్టము పుట్టెను. అది 1930 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలులోనికి వచ్చెను. పదునాలుగేండ్లు నిండని బాలికకును, పదునెనిమిదేండ్లు నిండని బాలునకును వివాహము చేయుట దాని ప్రకారము నేరము. చట్టము పుట్టుటకును, అమలునకు వచ్చుటకును నడుమనున్న ఆఱునెలలలో దేశమంతట పసిపిల్లల పెండ్లిండ్లు త్వరత్వరగా జరిగిపోయెను. గడువు దాటిన పిమ్మట మన జిల్లాలవారికి యానాము కనబడెను. శారదాచట్టము బ్రిటిషు ఇండియాకు పెట్టినది. యానాము ఫ్రెంచివారిది. పిల్లను పడవలో కూర్చుండబెట్టి ఏఱు దాటించినచో, ఒడ్డున ముహూర్తము చూచుకొనవచ్చును. ఆ చట్టము బాల్యవివాహము చేసినవారిని శిక్షించునదే కాని, జరిగిన వివాహమును రద్దు చేయునది కాదు. కావున తిరిగి ఇల్లు చేరిన పిమ్మట ఆ పెండ్లి పెండ్లిగానే నిలిచెడిది. ఈ లోపమును గుర్తించి 1938లో చట్టమును సవరించి, బ్రిటిషు ప్రజలు వెలుపలికి పోయి చేసికొన్న వివాహములకును దానిని వర్తింపజేసిరి.

మా అమ్మమ్మగారి పెండ్లి ఇచ్చటనే జరిగినది. అప్పుడామెకు తొమ్మిదేండ్లు. ఆ పెండ్లినిగూర్చి ఎప్పుడడిగినను ఆమె చెప్పినది ఒక్కటే: “పడవలో నిద్రపోయానురా. లేచేసరికి మెడలో తాడుంది.” ఆ మాట నవ్వుచు చెప్పెడిది. చిన్నతనమున నేనును నవ్వితిని. ఇప్పుడు బడిలో నాలుగవ తరగతి బాలికలను చూచునప్పుడు ఆ నవ్వు రాదు.

స్వేచ్ఛ, సమత్వము, సౌభ్రాత్రము అని తమ భవనములపై చెక్కించుకొన్న ఫ్రెంచివారు దీని నెట్లు సహించిరని చదువరులడుగవచ్చును. వారి దేశమునందలి పౌరస్మృతి 1804నుండియు స్త్రీకి పదునైదేండ్లు, పురుషునకు పదునెనిమిదేండ్లు నిండిననేగాని వివాహమున కంగీకరింపకుండెను. కాని ఇండియాలోని తమ ప్రజలకు వారివారి కులాచారములనుబట్టియే న్యాయము తీర్చవలెనని 1819లో నిర్ణయించిరి. 1881లో ఇష్టమున్నవారు ఆచారధర్మమును వదలుకొని ఫ్రెంచి పౌరస్మృతిని స్వీకరింపవచ్చునని అవకాశమిచ్చిరి. మిగిలినవారి యిండ్లలోనికి వారి చట్టము పోలేదు. పాలకుడు ప్రజల ఆచారమును మన్నించుట మంచిదే. కాని ఆ ఆచారమువలన బాధపడువారి నెవ్వరును అడుగలేదు. తొమ్మిదేండ్ల పిల్లకు అడుగువారును లేరు, చెప్పుకొనుటకు నోరును లేదు.

అయినను తప్పంతయు ఫ్రెంచివారిపై త్రోసివేయుట న్యాయము కాదు. ఏఱు దాటినవారు మనవారు. వారు చట్టము తెలియని అమాయకులు కారు, తెలిసినందుననే పడవయెక్కిరి. మంత్రము చదివిన పురోహితుడును, దీవించిన ముత్తైదువలును, విందారగించిన బంధువులును మనవారే. ఇదే గోదావరిపై ఎగువనున్న రాజమహేంద్రవరమున 1881 డిసెంబరు 11వ తేదీన కందుకూరి వీరేశలింగముగారు మొదటి వితంతువివాహము జరిపించిరి. వెలికి భయపడక, దూషణలను లెక్కచేయక, బాల్యవివాహములు పెంచిన వైధవ్యదుఃఖమును తగ్గింపజూచిరి. ఆనాటికి అర్ధశతాబ్దము గడచిన పిమ్మట, అదే నదీతీరమున దిగువకు పోయి మనము మరల బాలవధువులను సిద్ధపఱచితిమి. ఒక మహనీయుడు ఎగువను చేసిన పని దిగువకు తనంతట ప్రవహించి రాదు. ప్రతి యింటను ప్రతి తరమువారును దానిని మరల చేయవలసినదే.

1954 జూన్ 13వ తేదీన దేశభక్తులు యానాము పాలనను కైవసము చేసికొనిరి. నవంబరు 1వ తేదీన ఫ్రెంచి స్థావరములు భారత ప్రభుత్వమునకు అప్పగింపబడెను. ఇరుదేశముల ఒడంబడిక 1962 ఆగష్టు 16వ తేదీన పూర్తిగా చెల్లుబడి యయ్యెను. ఆ దెసనున్న ఎదురులంకకు 2002లో వంతెన కూడ ఏర్పడినందున నేడు ఏఱు దాటుట నిమిషముల పని. వివాహవయస్సు 1978లో స్త్రీకి పదునెనిమిది, పురుషునకు ఇరువదియొకటి యయ్యెను. దాటి పోవుటకు నేడు పరరాజ్యము లేదు.

అయినను 2019-21లో జరిగిన జాతీయ కుటుంబారోగ్య పరిశీలనలో, ఇరువదినుండి ఇరువదినాలుగేండ్ల లోపు స్త్రీలలో పదునెనిమిది నిండకుండ పెండ్లియైనవారు దేశమున నూటికి 23 మంది, ఆంధ్రప్రదేశమున నూటికి 29 మంది యని తేలినది. వీరికి యానాము అక్కఱ లేకపోయెను. తల్లిదండ్రులు, బంధువులు, ఇరుగుపొరుగువారు చూచియు చూడనట్లుండిన చాలును. ప్రతి గ్రామమును కల్యాణపురమే యగును.

కావున పిల్లలతో యానామునకు పోవువారికి నాదొక మనవి. ఏటిగట్టున గోపురమును చూపుడు, పాత దేవాలయమును చూపుడు, మీసాల వేంకన్నకు మ్రొక్కుడు. పిమ్మట గౌతమి ఒడ్డున ఒక్క గడియ కూర్చుండి, ఈ నీటిమీద నిద్రలో పెండ్లికి వచ్చిన చిన్నపిల్లల కథ చెప్పుడు. మీ యింటనే అట్టి ముత్తవ్వ యుండినచో ఆమె పేరు చెప్పి, ఆమెకు అప్పుడెన్నేండ్లో చెప్పుడు. వినుచున్న బాలిక తన వయస్సుతో దానిని తానే పోల్చుకొనును.