ఆ ఒక్క రూపాయి

ఏషియాడ్ కార్మికుల తీర్పు చదువుతున్నప్పుడు నేను వెతికింది రాజ్యాంగం గురించిన పెద్ద మాటల కోసం. మనసులో ఉండిపోయింది మాత్రం ఒక రూపాయి లెక్క.

1982 నవంబరులో ఢిల్లీలో ఏషియన్ గేమ్స్. అంతకు ముందు స్టేడియాలు, ఫ్లైఓవర్లు హడావిడిగా కట్టారు. పని ప్రభుత్వ సంస్థలది, చేయించింది కాంట్రాక్టర్లు. రాజస్థాన్, ఉత్తరప్రదేశ్, ఒరిస్సాల నుంచి కూలీలను తోలుకొచ్చింది జమాదార్లు. మన పాలమూరు వలసల భాషలో గుంపు మేస్త్రీలు. రోజుకూలి 9.25 రూపాయలు. అది జమాదారు చేతికి వెళ్లేది. అతను రూపాయి కమిషన్ పట్టుకుని 8.25 ఇచ్చేవాడు.

చట్టాలు లేవా అంటే, ఉన్నాయి. 20 మంది లేదా అంతకంటే ఎక్కువ కూలీలను పెట్టుకునే కాంట్రాక్టరు లైసెన్సు తీసుకోవాలనీ, అతను కూలి ఎగ్గొడితే అసలు యజమానే ఇవ్వాలనీ 1970 చట్టం చెప్పింది. ఒరిస్సా 'దాదన్' కూలీల గోస నుంచి పుట్టిన 1979 చట్టం వలస కూలీకి పాస్‌బుక్, దారి ఖర్చులు, ఊరు వదిలినందుకు అదనపు భత్యం రాసిచ్చింది. కాంట్రాక్టరు అనే మాటకి ఇచ్చిన నిర్వచనంలో సర్దార్లనీ, ఏజెంట్లనీ కూడా చేర్చింది. అంటే మేస్త్రీ ఎవరో చట్టానికి తెలుసు!

మరి రూపాయి ఎలా పోయింది? ఇక్కడ కాంట్రాక్టర్లను అదుపు చేయాల్సిన ప్రభుత్వమే అసలు యజమాని కూడా. పీయూడీఆర్ రాసిన ఉత్తరాన్ని సుప్రీంకోర్టు పిటిషన్‌గా తీసుకున్నప్పుడు, వాళ్లు కాంట్రాక్టర్ల మనుషులు, మాకేం సంబంధం అన్నట్టే ప్రభుత్వ పక్షం వాదించింది. 1982 సెప్టెంబరు 18న జస్టిస్ భగవతి, జస్టిస్ బహరుల్ ఇస్లాం ఆ వాదన ఒప్పుకోలేదు. కనీస వేతనం కంటే తక్కువకి మనిషి పనిచేస్తున్నాడంటే ఆకలే అతన్ని బలవంతపెడుతోందని, అది 23వ అధికరణం నిషేధించిన వెట్టి అని తేల్చారు. కొరడా ఉంటేనే వెట్టి అనుకునే మన అలవాటుని ఆ తీర్పు మార్చింది.

2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత కోడ్ ఈ రెండు చట్టాల స్థానాన్ని తీసుకుంది. కాంట్రాక్టు కూలీల విషయంలో 20 అన్న హద్దు 50 అయింది. ఊరు వదిలినందుకు ఇచ్చే భత్యం పోయింది. 49 మందితో వచ్చే మేస్త్రీ ఇప్పుడు ఆ హద్దుకి అవతలే ఉంటాడు. అతను పట్టుకునే రూపాయి ఎవరి లెక్కలోకి వస్తుంది?