వలస పరిశోధనలో శిక్షణ: షికాగో అనుభవం

ఉపోద్ఘాతం

వలసపై పరిశోధించే విద్యార్థికి ముందుగా సిద్ధాంతాన్ని నేర్పాలా, వలస వెళ్ళినవారి మాట వినడం నేర్పాలా అన్న ప్రశ్న కొత్తది కాదు. 20వ శతాబ్ది పూర్వార్ధంలో షికాగో విశ్వవిద్యాలయ సమాజశాస్త్ర శాఖ ఈ రెండింటినీ కలిపి నేర్పింది. ఆ శిక్షణ స్వరూపాన్నీ, అందులోనే ఎదిగిన ఒక విద్యార్థి గురువుల సిద్ధాంతానికి చేసిన సవరణనూ పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

పద్ధతి రూపొందిన క్రమం

విశ్వవిద్యాలయంలో బోధన ఆరంభమైన 1892లోనే ఈ శాఖ ఏర్పడింది. ఐరోపా దేశాల నుంచి వచ్చిన శ్రామికులతో అప్పటికే షికాగో నిండి ఉంది. శాఖలో ఆచార్యుడైన విలియం థామస్, పోలండ్ నుంచి వచ్చిన ఫ్లోరియన్ జ్నానియెత్స్కీ కలిసి 1918-20 మధ్య 'ది పోలిష్ పెజెంట్ ఇన్ యూరప్ అండ్ అమెరికా'ను 5 సంపుటాలుగా వెలువరించారు. పోలిష్ కుటుంబాలు రాసుకున్న ఉత్తరాలు, ఒక వలస కార్మికుని ఆత్మకథ దానికి ముఖ్యాధారాలు. సామాన్యుని రాత శాస్త్ర పరిశోధనకు సాక్ష్యంగా నిలిచింది.

1914లో శాఖలో చేరిన రాబర్ట్ పార్క్ పూర్వం పాత్రికేయుడు. ఎర్నెస్ట్ బర్జెస్‌తో కలిసి 1921లో ప్రచురించిన పాఠ్యగ్రంథంలో సామాజిక సంబంధాలను పోటీ, సంఘర్షణ, సర్దుబాటు, విలీనం అనే నాలుగు ప్రక్రియలుగా వివరించాడు. విద్యార్థులను నగరంలోని వాడలకు పంపి స్వయంగా చూసి రాయమన్నాడు. జర్మనీలో పుట్టిన యూదు విద్యార్థి లూయీ వర్త్ యూదుల వాడపై పరిశోధించి 1926లో డాక్టరేట్ పొందాడు. ఆ పరిశోధన 1928లో 'ది ఘెట్టో'గా వెలువడింది.

శిష్యుని సవరణ

లాండ్రీ నడిపిన చైనా వలసదారుని కుమారుడు పాల్ సియూ. లాండ్రీలకు సరుకులు అమ్ముతూ, షికాగోలోని చైనీయుల లాండ్రీలను లోపలి నుంచి పరిశీలించాడు. అక్కడ అతనికి విలీనం కనిపించలేదు. కష్టించి పనిచేస్తూ, ఇంటికి డబ్బు పంపుతూ, తిరుగు ప్రయాణాన్ని ఏటికేడు వాయిదా వేసుకునే మనిషి కనిపించాడు. పార్క్ 1928లో వివరించిన 'అంచు మనిషి' రెండు సంస్కృతుల మధ్య నలిగేవాడు. సియూ చూసిన మనిషి స్వదేశ సంస్కృతినే అంటిపెట్టుకున్నవాడు. అతన్ని సియూ 1952లో 'సోజర్నర్' అన్నాడు. తెలుగులో 'మజిలీవాసి' అనవచ్చు. సిద్ధాంత గ్రంథం 1953లో ఆమోదం పొందినా, పుస్తకంగా రావడానికి 1987 వరకు వేచి ఉండవలసి వచ్చింది.

ఈ భావనకూ ఒక పరిమితి ఉంది. మజిలీవాసిని ప్రధానంగా అతని మనోవైఖరిని బట్టి నిర్వచిస్తే, చట్టం పాత్ర మరుగున పడుతుంది. 1882 నాటి చట్టం చైనా శ్రామికుల రాకను నిషేధించింది. చైనీయులకు పౌరసత్వార్హత 1943 వరకు లేదు. స్థిరపడే దారి మూసి ఉన్నచోట తిరిగి వెళ్ళాలన్న కోరికను కేవలం స్వభావంగా భావించలేము.

తెలుగు పరిశోధనకు అన్వయం

గోదావరీ ముఖంలోని కోరంగి రేవు పేరే బర్మాలో తెలుగువారికి 'కొరంగీలు' అన్న పేరైంది. 1942లో జపాను దాడితో వారిలో అనేకులు కాందిశీకులై వెనుదిరిగారు. నేటి గల్ఫ్ దేశాలలో తెలుగు కార్మికుని నివాసం వీసా గడువుకు లోబడినది. అక్కడ సాధారణంగా అతనికి పౌరసత్వం దక్కదు. అటువంటి జీవితాన్ని 'ఏకీకరణ' అనే కొలమానంతో కొలిస్తే లోపం వలసదారునిలో ఉన్నట్లు తోస్తుంది. వాస్తవానికి లోపం కొలమానంలోనే ఉంది.

ముగింపు

ఉత్తరం, పాట, జీవిత కథనం తెలుగు శాఖలకు పరిచితమైన ఆధారాలు. వాటిని సేకరించి చదివే క్రమశిక్షణను థామస్ సంపుటాల నుంచి గ్రహించవచ్చు. ఆ ఆధారం సిద్ధాంతంతో విభేదించినప్పుడు ఆధారం పక్షాన నిలబడే ధైర్యాన్ని సియూ నుంచి నేర్చుకోవాలి. పర్యవేక్షకుడు విద్యార్థికి ఈ రెండవదాన్ని అనుమతించినప్పుడే డాక్టరేట్ శిక్షణ సంపూర్ణమవుతుంది.