హెచ్‌పీవీ సోకినా అందరికీ క్యాన్సర్ ఎందుకు రాదు?

భారతీయ మహిళల్లో రొమ్ము క్యాన్సర్ తర్వాత ఎక్కువగా కనిపించేది గర్భాశయ ముఖద్వార క్యాన్సర్. గ్లోబోకాన్ అంచనాల ప్రకారం 2022లో దేశంలో సుమారు 1.27 లక్షల మందిలో కొత్తగా ఈ వ్యాధి బయటపడింది. దాదాపు 80 వేల మంది మరణించారు. ఇంచుమించు అన్ని కేసులకూ మూలం హ్యూమన్ పాపిలోమా వైరస్, అంటే హెచ్‌పీవీ. ఈ సంబంధాన్ని వెలికితీసిన జర్మన్ శాస్త్రవేత్త హెరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి లభించింది.

అయితే లైంగిక జీవితం ఉన్నవారిలో ఎక్కువ మందికి ఈ వైరస్ ఎప్పుడో ఒకప్పుడు సోకుతుంది. పదింటిలో తొమ్మిది ఇన్ఫెక్షన్లు రెండేళ్లలోపే వాటంతటవే తగ్గిపోతాయి. మిగిలినవే ప్రమాదకరం. కొందరిలోనే వైరస్ ఎందుకు తిష్ఠ వేస్తుంది?

రోగనిరోధక శక్తి కళ్లుగప్పి

కంటికి కనిపించని గాట్ల ద్వారా వైరస్ ముఖద్వారపు పొరలో అట్టడుగు కణాలను చేరుతుంది. అది రక్తంలోకి వెళ్లదు, కణాలను చంపదు. అందుకే శరీరం దాన్ని ఆలస్యంగా గుర్తిస్తుంది. గుర్తించాక టీ కణాలు దాన్ని అదుపు చేస్తాయి. అది జరగకపోతే వైరస్ తయారుచేసే ఈ6, ఈ7 ప్రోటీన్లు కణ విభజనకు కళ్లెం వేసే పీ53, ఆర్‌బీ ప్రోటీన్లను దెబ్బతీస్తాయి. క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా 15–20 ఏళ్లు పడుతుంది. రోగనిరోధక శక్తి తగ్గిన వారిలో ఈ గడువు కుదించుకుపోతుంది. హెచ్‌ఐవీ ఉన్న మహిళలకు ముప్పు ఆరు రెట్లు ఎక్కువ.

సూక్ష్మజీవుల పాత్ర

పేగుల్లో ఎన్ని రకాల బ్యాక్టీరియా ఉంటే అంత మంచిదంటారు. యోనిలో పరిస్థితి సాధారణంగా ఇందుకు భిన్నం. అక్కడ లాక్టోబాసిల్లస్ జాతిదే పైచేయిగా ఉండడం మేలు. ఈస్ట్రోజన్ ప్రభావంతో యోని పొరలో పేరుకునే గ్లైకోజన్ ఈ బ్యాక్టీరియాకు ఆహారమవుతుంది. అవి విడుదల చేసే లాక్టిక్ ఆమ్లం వల్ల పీహెచ్ 4.5 కంటే తక్కువగా ఉండి, హానికర జీవులు పెరగవు. వీటిలో లాక్టోబాసిల్లస్ క్రిస్పాటస్ ఎక్కువ రక్షణ ఇస్తుందని భావిస్తున్నారు.

ఇవి తగ్గి గార్డ్‌నెరెల్లా వంటివి పెరిగితే, వాటి ఎంజైములు రక్షణగా ఉండే జిగురు పొరను కరిగిస్తాయి, వాపు పెరుగుతుంది. ఇలాంటి మహిళల్లో హెచ్‌పీవీ ఎక్కువగా కనిపిస్తోందని, ఎక్కువ కాలం నిలుస్తోందని పలు అధ్యయనాలు తేల్చాయి. కోస్టారికా మహిళలపై 2020లో వెలువడిన పరిశోధన గార్డ్‌నెరెల్లాకూ, క్యాన్సర్ ముందు దశ మార్పులకూ సంబంధాన్ని చూపింది.

కానీ సంబంధం ఉన్నంత మాత్రాన అదే కారణమని చెప్పలేం. బ్యాక్టీరియా మారడం వల్ల వైరస్ నిలుస్తోందా, వైరసే పరిసరాలను మారుస్తోందా అన్నది ఇంకా తేలలేదు. పైగా లాక్టోబాసిల్లస్ తక్కువగా ఉండి కూడా ఆరోగ్యంగా ఉన్న మహిళలు ఎందరో ఉన్నారు.

ఏం చేయాలి?

మార్కెట్లో దొరికే వాష్‌లు, ప్రోబయోటిక్ మాత్రలు ఈ క్యాన్సర్‌ను ఆపుతాయనడానికి రుజువు లేదు. యోని లోపల కడగడం మేలు చేసే బ్యాక్టీరియాకే చేటు. దుర్వాసనతో తెల్లబట్ట అవుతుంటే సిగ్గుపడకుండా వైద్యులకు చెప్పాలి. కలయిక తర్వాత గానీ, నెలసరి ఆగిపోయాక గానీ రక్తం కనిపిస్తే అసలు ఆలస్యం చేయకూడదు.

నిరూపితమైన రక్షణలు రెండే. మొదటిది 9–14 ఏళ్ల మధ్య బాలికలకు టీకా. సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన దేశీయ టీకా సెర్వావాక్‌కు 2022లో అనుమతి లభించింది. రెండోది 30 ఏళ్లు దాటాక పరీక్ష. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లాలో లక్ష మందికి పైగా గ్రామీణ మహిళలపై జరిగిన అధ్యయనం ఫలితాలు 2009లో వెలువడ్డాయి. ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష చేసి, అవసరమైన వారికి చికిత్స అందిస్తేనే మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. టీకా వేయించుకున్నవారికీ ఈ పరీక్ష అవసరమే.