ఉప్పు మానరాని మందు

అమరావతి పరిసర గ్రామములలో ఇంట నెవరికి జబ్బు చేసినను మొదట మానిపించునది ఉప్పు. చప్పిడి పథ్యము లేనిది వైద్యమే కాదని మన పెద్దల తలంపు. పెక్కు వ్యాధులలో ఆ తలంపు హాని చేయదు. కొన్నింట మేలే చేయును. కాని ఉప్పు మానినచో విషమగు మందొకటి కలదు. దాని కథ చెప్పుదుము.

కొన్నాళ్లు నిద్ర యక్కరలేని ఉద్రేకము, ఎడతెగని మాట, చేతి ధనమెల్ల వ్యయము. మరి కొన్నాళ్లు మంచము దిగలేని విషాదము. ఇట్లు మారి మారి వచ్చు వ్యాధిని బైపోలార్ వ్యాధి యందురు. మన దేశమున ఉన్మాదమునకు సర్పగంధి వేరు వాడుక. 1931లో గణనాథ సేన్, కార్తీక చంద్ర బోసు దాని గుణమును ప్రకటించిరి. దాని సారమగు రిసర్పిన్ 1952లో వేరుపడినది. అది ఉద్రేకము నణచినను, కొందరిని విషాదమున పడవైచినదని ఆనాటి వైద్యులు వ్రాసిరి.

1948లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ లిథియమను లవణమును గినీపందుల కెక్కించి, అవి కదలక పడియుండుట చూచెను. అది విషప్రభావమే కావచ్చునని తరువాతివా రనిరి. తప్పు తర్కమున సరియైన మందు దొరకుట వైద్యమున క్రొత్త కాదు. కేడ్ మొదట తానే మ్రింగి, పిదప రోగుల కిచ్చెను. ఏండ్ల తరబడి ఉన్మాదమున నున్న మొదటి రోగి కొద్ది నెలలలో ఇంటికి పోయెను. 1950లో ఆ రోగియే లిథియము మితిమీరి మరణించెను.

అంతకు ముందేడు అమెరికాలో, గుండెజబ్బుచే ఉప్పు మానినవారు రుచికై లిథియము లవణమును కూటిలో చల్లుకొని, కొందరు ప్రాణములు గోల్పోయిరి. మూత్రపిండములు లిథియమును ఉప్పువలెనే చూచును. ఒంట ఉప్పు తగ్గినచో, ఉన్న ఉప్పును దాచుకొనుచు లిథియమును కూడ దాచును. చప్పిడి కూడు, వేసవిలో మిరప కల్లములందు కారు చెమట, వాంతులు, విరేచనములు, నడుమునొప్పికి అంగడిలో కొను కొన్ని మాత్రలు — అన్నియు మందును రక్తమున పెంచునవే. చేతుల వణకు హెచ్చుట, నడక తూలుట, మాట తడబడుట కనిపించినచో వెంటనే వైద్యునికడకు కొనిపోవలెను. అట్లని ఉప్పు హెచ్చుగా తినుటయు తగదు. అప్పుడు మందు పలుచబడును. ఎప్పటి ఉప్పు అప్పటివలెనే యుండవలెను.

రక్తమున లిథియమును కొలుచు పద్ధతిని 1951లో మెల్బోర్నున ట్రాట్నరు బృందము చూపెను. 1954లో డెన్మార్కున మోగెన్స్ షో మందును సక్రమముగా పరీక్షించెను. అమెరికా 1970లో గాని అనుమతింపలేదు. నేడును ఆ కొలతయే ఆధారము: రాత్రి మాత్ర వేసికొన్న పండ్రెండు గంటలకు, ఉదయపు మాత్ర వేయక మునుపే, రక్తము తీయుదురు.